పీహెచ్‌పీ కోడ్‌ను సరిగ్గా కంపైల్ చేయించి సర్వర్ వేగం పెంచడం ఎలా?

"జిట్ ఆన్ చేశాను, అయినా సైట్ వేగం అలాగే ఉంది. ఎక్కడ తప్పు చేశాను?" ఈ ప్రశ్న నాకు పదేపదే వస్తోంది. చాలామంది విషయంలో తప్పు జిట్‌లో (కోడ్‌ను నేరుగా ప్రాసెసర్ భాషలోకి మార్చే పీహెచ్‌పీ సదుపాయం) లేదు. అంతకుముందు చేయాల్సిన పనులు వదిలేసి నేరుగా జిట్ దగ్గరికి వెళ్లిపోయారు, అంతే. అందుకే మొత్తం పనిని ఏది ముందు, ఏది వెనుక అనే వరుసలో రాస్తున్నాను.

లినక్స్ సర్వర్, పీహెచ్‌పీ 8 లేదా ఆ పై వెర్షన్, పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీ ప్రాసెస్‌లను నడిపే సర్వీస్), ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్) ఉన్నాయనుకుని రాశాను. సెట్టింగుల పేర్లు, కమాండ్లు పలికే తీరులో తెలుగులోనే ఇస్తున్నాను. ఫైల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో రాయాలి. చుక్క, కింది గీత ఇక్కడ ఎక్కడున్నాయో అక్కడే ఉండాలి.

## 1. అసలు ఏది కంపైల్ అవుతోంది?

పీహెచ్‌పీ ఫైల్ ఉన్నదున్నట్టు నడవదు. రిక్వెస్ట్ రాగానే ఇంజిన్ ఆ ఫైల్‌ను చదివి, టోకెన్లుగా విడగొట్టి, వాటితో ఒక చెట్టులాంటి నిర్మాణం కట్టి, దాన్ని ఆప్‌కోడ్‌లుగా (ఇంజిన్ నడపగల చిన్న చిన్న ఆదేశాలుగా) మారుస్తుంది. ఆ ఆప్‌కోడ్‌లను జెండ్ వర్చువల్ మెషీన్ నడుపుతుంది. రిక్వెస్ట్ ముగియగానే అవన్నీ చెరిగిపోతాయి. తర్వాతి రిక్వెస్ట్‌కు మళ్లీ మొదటి నుంచి ఇదే పని.

ఫ్రేమ్‌వర్క్‌తో కట్టిన సైట్‌లో ఒక్క పేజీకి వందల ఫైళ్లు లోడ్ అవుతాయి. మీ కోడ్ నడిచే సమయం కన్నా దాన్ని కంపైల్ చేసే సమయమే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు.

దీన్ని తగ్గించడానికి మూడు మెట్లున్నాయి:

- ఓపీక్యాష్: ఒకసారి తయారైన ఆప్‌కోడ్‌లను షేర్డ్ మెమరీలో దాచి అందరికీ వాడుతుంది. 5.5 వెర్షన్ నుంచి పీహెచ్‌పీతోనే వస్తోంది.
- ప్రీలోడ్: ముఖ్యమైన క్లాసులను సర్వర్ లేచేటప్పుడే కంపైల్ చేసి, ఒకదానితో ఒకటి కలిపి సిద్ధంగా ఉంచుతుంది. 7.4లో వచ్చింది.
- జిట్: ఎక్కువగా నడిచే ఆప్‌కోడ్‌లను నేరుగా ప్రాసెసర్ భాషలోకి మారుస్తుంది. 8.0లో వచ్చింది.

మామూలు వెబ్‌సైట్‌కు దక్కే లాభంలో చాలా భాగం మొదటి మెట్టు దగ్గరే ఉంది. కాబట్టి ఎక్కువ సమయం దానికే ఇవ్వండి.

## 2. ముందు కొలవండి

కొలవకుండా ఏ సెట్టింగూ మార్చకండి. "కొంచెం వేగంగా అనిపిస్తోంది" అనేది కొలత కాదు.

అపాచీ బెంచ్ లాంటి చిన్న పరికరం చాలు. అసలు సర్వర్ మీద కాకుండా, అలాంటిదే ఒక టెస్ట్ సర్వర్ మీద, ఇరవై ఏకకాల రిక్వెస్టులతో మొత్తం రెండు వేల రిక్వెస్టులు పంపండి. కమాండ్ రూపం ఇది:

ఏబీ -ఎన్ 2000 -సీ 20 (పక్కన పేజీ చిరునామా)

వచ్చిన ఫలితంలో సగటును ఒక్కదాన్నే చూడకండి. 95 శాతం రిక్వెస్టులు ఎన్ని మిల్లీసెకన్లలోపు ముగిశాయో ఆ అంకె రాసుకోండి. వాడేవాళ్లకు విసుగు తెప్పించేది ఆ చివరి కొన్ని రిక్వెస్టులే.

రాసుకోవాల్సినవి:

- హోమ్ పేజీ, డేటాబేస్‌ను బాగా వాడే ఒక పేజీ, లాగిన్ తర్వాత వచ్చే ఒక పేజీ: మూడింటి సమయాలు
- సెకనుకు ఎన్ని రిక్వెస్టులు తట్టుకుంటోంది
- ఆ సమయంలో సీపీయూ ఎంత శాతం వాడుతోంది
- డేటాబేస్ క్వెరీలకు మొత్తం ఎంత సమయం పోతోంది

చివరిది చాలా ముఖ్యం. పేజీకి 800 మిల్లీసెకన్లు పడుతూ, అందులో 700 డేటాబేస్ దగ్గరే పోతుంటే, కంపైల్‌ను ఎంత మెరుగుపరిచినా మిగిలేది ఆ వందలో కొంత మాత్రమే. అలాంటప్పుడు ఈ మార్గదర్శిని పక్కన పెట్టి ముందు ఇండెక్సులు సరిచేసుకోండి.

## 3. ఏ ఫైల్‌లో మార్చాలో తేల్చుకోండి

సగం మందికి ఇక్కడే దెబ్బ పడుతుంది. సర్వర్‌లో పీహెచ్‌పీ.ఐఎన్ఐ అనే ఫైల్ ఒక్కటే ఉండదు. డెబియన్, ఉబుంటు సర్వర్లలో కమాండ్ లైన్‌కు ఒకటి, ఎఫ్‌పీఎంకు ఇంకొకటి వేర్వేరుగా ఉంటాయి.

టెర్మినల్‌లో "పీహెచ్‌పీ --ఐఎన్ఐ" అని కొడితే కనిపించేది కమాండ్ లైన్ వాడే ఫైల్. అది చూసి మార్చేస్తే సైట్ మీద ఏ ప్రభావమూ ఉండదు.

సరైన పద్ధతి: పీహెచ్‌పీఇన్ఫో() ఫంక్షన్ ఉన్న చిన్న ఫైల్‌ను సైట్ ఫోల్డర్‌లో పెట్టి బ్రౌజర్‌లో తెరవండి. "లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్" అన్న వరుసలో ఉన్నదే మీరు మార్చాల్సిన ఫైల్. దాని కిందే అదనంగా చదివే ఐఎన్ఐ ఫైళ్ల జాబితా కూడా ఉంటుంది. ఓపీక్యాష్ సెట్టింగులు ఆ చిన్న ఫైళ్లలో ఒకదానిలో ఉండే అవకాశం ఎక్కువ. చూడటం అయిపోగానే ఆ పీహెచ్‌పీఇన్ఫో ఫైల్‌ను తప్పకుండా తీసేయండి. సర్వర్ లోపలి వివరాలన్నీ అందులో బయటపడతాయి.

అదే పేజీలో ఇంకో రెండు విషయాలు చూడండి:

- "డీబగ్ బిల్డ్" పక్కన "నో" ఉండాలి. "ఎస్" ఉంటే మిగతా శ్రమంతా వృథా.
- ఎక్స్‌డీబగ్ (తప్పులు వెతకడానికి వాడే ఎక్స్‌టెన్షన్) పేరు ఎక్కడా కనబడకూడదు. అసలు సర్వర్‌లో దానికి చోటు లేదు.

మెమరీ సైజు లాంటి సెట్టింగులను ఎఫ్‌పీఎం పూల్ ఫైల్‌లో (రిక్వెస్టులు నడిపే వర్కర్ ప్రాసెస్‌ల గుంపు సెట్టింగులు ఉండే ఫైల్) రాయకండి. మాస్టర్ ప్రాసెస్ లేచేటప్పుడే ఆ మెమరీ కేటాయింపు జరిగిపోతుంది. పూల్ ఫైల్ వంతు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

## 4. ఓపీక్యాష్‌కు సరిపడా చోటు ఇవ్వండి

ఓపీక్యాష్ ఆన్‌లో ఉండటం వేరు, అది సరిగ్గా పనిచేయడం వేరు. చాలా సర్వర్లలో అది ఆన్‌లోనే ఉంటుంది, కానీ నిండిపోయి ఉంటుంది.

అది నిండితే ఏమవుతుందో తెలుసుకోవాలి. పాతవి తీసేసి కొత్తవాటికి చోటివ్వడం ఓపీక్యాష్ చేయదు. ఖాళీ లేకపోతే కొత్త ఫైళ్లను అసలు దాచుకోదు. ఆ ఫైళ్లు ప్రతి రిక్వెస్ట్‌కూ మళ్లీ మళ్లీ కంపైల్ అవుతూనే ఉంటాయి. ఎర్రర్ రాదు, సైట్ ఆగదు, నెమ్మదిగా మాత్రం ఉంటుంది.

ముందు ఫైళ్లు లెక్కపెట్టండి. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఫైండ్ కమాండ్‌తో పీహెచ్‌పీ ఫైళ్లన్నీ వెతికి, డబ్ల్యూసీ -ఎల్‌తో లెక్కించండి. వెండర్ ఫోల్డర్‌ను (బయటి లైబ్రరీలు ఉండే చోటు) కూడా కలపాలి. ఒకే ఎఫ్‌పీఎం మాస్టర్ కింద నాలుగు సైట్లు నడుస్తుంటే నాలుగింటి మొత్తం తీసుకోవాలి, ఎందుకంటే ఆ పూల్స్ అన్నీ ఒకే ఓపీక్యాష్ మెమరీని పంచుకుంటాయి.

తర్వాత ఈ విలువలతో మొదలుపెట్టండి:

ఓపీక్యాష్.ఎనేబుల్=1
ఓపీక్యాష్.మెమరీ_కన్సంప్షన్=256
ఓపీక్యాష్.ఇంటర్న్‌డ్_స్ట్రింగ్స్_బఫర్=16
ఓపీక్యాష్.మ్యాక్స్_యాక్సిలరేటెడ్_ఫైల్స్=20000
ఓపీక్యాష్.వ్యాలిడేట్_టైమ్‌స్టాంప్స్=1
ఓపీక్యాష్.రీవ్యాలిడేట్_ఫ్రీక్=60

మెమరీ కన్సంప్షన్ ఎంబీల్లో ఉంటుంది. మార్చకపోతే 128. ఇది అన్ని వర్కర్లూ కలిసి వాడుకునే మెమరీ. యాభై వర్కర్లుంటే యాభై రెట్లు అవుతుందేమోనని కొందరు భయపడతారు, అలా అవదు. టాప్ కమాండ్‌లో ప్రతి వర్కర్ పక్కనా ఈ షేర్డ్ మెమరీ కూడా కలిసి కనబడుతుంది కాబట్టి ఆ అనుమానం వస్తుంది.

ఇంటర్న్‌డ్ స్ట్రింగ్స్ బఫర్ అంటే క్లాసుల పేర్లు, ఫంక్షన్ల పేర్లు, కోడ్‌లో రాసిన స్ట్రింగ్‌లు ఒక్కొక్క కాపీ చొప్పున దాచే చోటు. మార్చకపోతే 8 ఎంబీ, పెద్ద ఫ్రేమ్‌వర్క్‌లకు అది చాలదు. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఈ 16 ఎంబీ పైన ఇచ్చిన 256 లోంచే పోతుంది. మొత్తం 128 ఉంచి దీన్ని 64కు పెంచితే ఆప్‌కోడ్‌లకు సగమే మిగులుతుంది.

మ్యాక్స్ యాక్సిలరేటెడ్ ఫైల్స్‌కు మీరు ఏ అంకె ఇచ్చినా, ఇంజిన్ తన దగ్గరున్న ప్రధాన సంఖ్యల వరుసలో దానికి సమానమైన లేదా అంతకన్నా పెద్దదైన మొదటి సంఖ్యను తీసుకుంటుంది. 10000 ఇస్తే 16229, 20000 ఇస్తే 32531 అవుతుంది. ఫైళ్ల లెక్క కన్నా కనీసం ఒకటిన్నర రెట్లు ఉండేలా చూసుకోండి. ఒకే ఫైల్‌కు వేర్వేరు దారుల వల్ల ఒకటికన్నా ఎక్కువ కీలు పడటం మామూలే.

ఒకరోజు నడవనిచ్చి లెక్క చూడండి. ఓపీక్యాష్_గెట్_స్టేటస్() ఫంక్షన్‌కు ఫాల్స్ ఇచ్చి పిలిచే చిన్న పేజీ ఒకటి రాసి, మీకు మాత్రమే తెరుచుకునేలా తాళం వేయండి. అందులో చూడాల్సినవి:

- క్యాష్_ఫుల్: ఫాల్స్ ఉండాలి
- ఓపీక్యాష్_హిట్_రేట్: కొన్ని గంటలు నడిచాక 99 దాటాలి
- ఫ్రీ_మెమరీ: మొత్తంలో ఐదో వంతు ఖాళీగా ఉంటే నిశ్చింత
- ఊమ్_రీస్టార్ట్స్: సున్నా కాకపోతే మెమరీ చాలడం లేదు
- హ్యాష్_రీస్టార్ట్స్: సున్నా కాకపోతే ఫైళ్ల పరిమితి చాలడం లేదు
- ఇంటర్న్‌డ్ స్ట్రింగ్స్ విభాగంలో ఫ్రీ_మెమరీ: సున్నాకు దగ్గరైతే బఫర్ పెంచాలి

ఒకసారికి ఒక్క అంకెనే మార్చండి. మళ్లీ ఒకరోజు చూడండి. ఐదు సెట్టింగులు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

సేవ్_కామెంట్స్ సెట్టింగ్‌ను సున్నా చేయమని కొన్ని పాత సలహాలు కనిపిస్తాయి. చేయకండి. కామెంట్లలో రాసిన అనోటేషన్‌లను చదివే లైబ్రరీలు విరిగిపోతాయి. మిగిలే మెమరీ ఆ తలనొప్పికి తగినంత కాదు. అలాగే ఫాస్ట్_షట్‌డౌన్ అనే సెట్టింగ్ చెప్పే సలహా కనబడితే అది చాలా పాతదని గుర్తు. 7.2 నుంచి ఆ సెట్టింగే లేదు.

## 5. ఫైల్ మారిందా లేదా: డిప్లాయ్ దగ్గర జాగ్రత్త

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. వేగం గురించి పెట్టుకున్న సెట్టింగ్ మీ సైట్‌ను పాత కోడ్‌తో నడిపించే ప్రమాదం ఇక్కడే ఉంది.

మామూలుగా ఓపీక్యాష్ ప్రతి 2 సెకన్లకోసారి "ఈ ఫైల్ మారిందా?" అని డిస్క్‌ను అడుగుతుంది. రీవ్యాలిడేట్ ఫ్రీక్‌ను 60 చేస్తే నిమిషానికి ఒకసారి అడుగుతుంది. వ్యాలిడేట్ టైమ్‌స్టాంప్స్‌ను 0 చేస్తే ఇక అసలు అడగదు. వేగానికి ఇదే మంచిది, కానీ డిప్లాయ్ చేసిన (కొత్త కోడ్‌ను సర్వర్‌కు ఎక్కించిన) ప్రతిసారీ క్యాష్ ఖాళీ చేసే బాధ్యత మీ మీద పడుతుంది.

నేను మొదటిసారి దీన్ని 0 చేసినప్పుడు జరిగింది చెబుతాను. ఒక బగ్ సరిచేసి ఫైళ్లు ఎక్కించాను. టెర్మినల్‌లో ఓపీక్యాష్_రీసెట్() నడిపాను, "ట్రూ" అని వచ్చింది. సైట్‌లో మాత్రం అదే బగ్. కోడ్‌లోనే ఇంకేదో తప్పుందనుకుని సగం రోజు వెతికాను. విపరీతమైన టెన్షన్. చివరికి తెలిసిందేమిటంటే, కమాండ్ లైన్ మెమరీ వేరు, ఎఫ్‌పీఎం మెమరీ వేరు. టెర్మినల్‌లో చేసిన రీసెట్ సైట్‌ను తాకనే లేదు.

కాబట్టి క్యాష్ ఖాళీ చేయడానికి నమ్మకమైన దారి ఎఫ్‌పీఎంను రీలోడ్ చేయడమే. డిప్లాయ్ స్క్రిప్ట్‌లో చివరి వరుసగా సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్ పెట్టండి.

రీలోడ్‌లో కూడా ఒక చిక్కుంది. ఎఫ్‌పీఎం సెట్టింగుల్లో ప్రాసెస్_కంట్రోల్_టైమవుట్ మామూలుగా 0 ఉంటుంది. అంటే రీలోడ్ చెప్పగానే, మధ్యలో ఉన్న రిక్వెస్టులు పూర్తయ్యే దాకా ఆగదు. అవి తెగిపోయి వాడేవాళ్లకు 502 ఎర్రర్ కనిపించవచ్చు. దాన్ని 10 సెకన్లకు పెట్టండి.

సిమ్‌లింక్‌తో డిప్లాయ్ చేసేవాళ్లకు. ప్రతి రిలీజ్‌కు కొత్త ఫోల్డర్ చేసి, "కరెంట్" అనే సిమ్‌లింక్‌ను (వేరే ఫోల్డర్‌ను చూపించే లింక్) దానివైపు తిప్పే పద్ధతి చాలామంది వాడతారు. ఎన్‌జిన్‌ఎక్స్ ఆ సిమ్‌లింక్ దారినే పీహెచ్‌పీకి పంపితే, లింక్ తిప్పాక కూడా పాత ఫైళ్లు నడిచే ప్రమాదం ఉంది. స్క్రిప్ట్_ఫైల్‌నేమ్, డాక్యుమెంట్_రూట్ (ఈ రెండు పేర్లను మాత్రం పెద్ద అక్షరాల్లో రాయాలి) రెండింటికీ $డాక్యుమెంట్_రూట్ బదులు $రియల్‌పాత్_రూట్ వాడండి. అప్పుడు అసలు ఫోల్డర్ దారి వెళ్తుంది, కొత్త రిలీజ్ కొత్త ఫైళ్లుగా లెక్కకు వస్తుంది.

దీంతో పని అయిపోయిందనుకుని రీలోడ్ మానేయకండి. పాత రిలీజ్ ఆప్‌కోడ్‌లు మెమరీలోనే ఉంటాయి. ఓపీక్యాష్ లెక్కలో అవి వృథా కావు, ఇంకా చెల్లుబాటు అయ్యేవే. పది డిప్లాయ్‌లు అయ్యేసరికి మెమరీ నిండిపోయి, కొత్త కోడ్‌కు చోటు దొరకదు. వారం వారం సైట్ మెల్లగా నెమ్మదిస్తోందని చెప్పేవాళ్లలో కొందరి సమస్య ఇదే.

డిప్లాయ్ వరుస ఇలా ఉండాలి:

- కొత్త ఫోల్డర్‌లో కోడ్, వెండర్ ఫైళ్లు పూర్తిగా సిద్ధం చేయడం
- ఫ్రేమ్‌వర్క్ సొంత క్యాష్‌లను ఆ ఫోల్డర్‌లోనే తయారు చేయడం
- సిమ్‌లింక్ తిప్పడం
- ఎఫ్‌పీఎం రీలోడ్
- క్యూ వర్కర్లను కూడా రీస్టార్ట్ చేయడం, ఎందుకంటే అవి పాత కోడ్‌ను తమ మెమరీలో పెట్టుకునే నడుస్తుంటాయి
- ముఖ్యమైన పేజీలను కర్ల్‌తో ఒకసారి తెరిచి క్యాష్‌ను వేడి చేయడం

చివరి పని చిన్నదే, కానీ రద్దీ సైట్లకు చాలా మేలు చేస్తుంది. ఖాళీ క్యాష్ మీదికి ఒక్కసారిగా వంద రిక్వెస్టులు వస్తే, వర్కర్లన్నీ అవే ఫైళ్లను ఎవరికి వారు కంపైల్ చేయడం మొదలుపెడతాయి. సీపీయూ ఒక్కసారిగా పైకి పోతుంది.

కంటైనర్లు వాడేవాళ్లకు ఈ గొడవ చాలా తక్కువ. ఇమేజ్‌లోని కోడ్ మారదు, కొత్త కోడ్ అంటే కొత్త కంటైనరే. టైమ్‌స్టాంప్స్ చెకింగ్‌ను ధైర్యంగా 0 చేయవచ్చు. డెవలప్‌మెంట్ మెషీన్‌లో మాత్రం అది 1 గానే, ఫ్రీక్ 0 గానే ఉండాలి.

## 6. ఆటోలోడర్

కంపోజర్ (పీహెచ్‌పీ లైబ్రరీలను ఎక్కించే పరికరం) తయారుచేసే ఆటోలోడర్ మామూలు స్థితిలో క్లాస్ కావాల్సినప్పుడల్లా ఫైల్ ఉందా అని డిస్క్‌లో వెతుకుతుంది. అసలు సర్వర్‌లో కంపోజర్ ఇన్‌స్టాల్‌కు --నో-డెవ్, --ఆప్టిమైజ్-ఆటోలోడర్ జోడించండి. అప్పుడు క్లాస్ పేరు, ఫైల్ దారి జతల పట్టిక తయారవుతుంది, ఆ పట్టిక కూడా ఓపీక్యాష్‌లోకి వెళ్తుంది.

--క్లాస్‌మ్యాప్-అథారిటేటివ్ ఇంకా వేగం, కానీ నడుస్తుండగా కొత్త క్లాస్ ఫైళ్లు పుట్టించే లైబ్రరీ ఉంటే "క్లాస్ దొరకలేదు" అంటుంది. టెస్ట్ సర్వర్‌లో చూసుకుని పెట్టండి.

## 7. ప్రీలోడ్: అవసరమైతేనే

ఓపీక్యాష్ ఉన్నా, ప్రతి రిక్వెస్ట్‌లో క్లాసులను వాటి పేరెంట్ క్లాసులతో, ఇంటర్‌ఫేస్‌లతో కలిపే పని కొంత మిగులుతుంది. ప్రీలోడ్ ఆ పనిని సర్వర్ లేచేటప్పుడే ముగిస్తుంది.

చేసే విధానం:

1. సింఫనీ ఫ్రేమ్‌వర్క్ వాడితే క్యాష్ వార్మప్ సమయంలో ప్రీలోడ్ ఫైల్ దానంతట అదే తయారవుతుంది. లేకపోతే, రోజూ వాడే ఫైళ్లను ఓపీక్యాష్_కంపైల్_ఫైల్()తో వరుసగా లోడ్ చేసే చిన్న స్క్రిప్ట్ రాయండి.
2. ఓపీక్యాష్.ప్రీలోడ్ సెట్టింగ్‌లో ఆ స్క్రిప్ట్ పూర్తి దారి ఇవ్వండి.
3. మాస్టర్ ప్రాసెస్ రూట్ యూజర్‌గా లేస్తుంది కాబట్టి ఓపీక్యాష్.ప్రీలోడ్_యూజర్‌లో ఎఫ్‌పీఎం వర్కర్ల యూజర్ పేరు రాయండి.
4. ఎఫ్‌పీఎం రీస్టార్ట్ చేసి లాగ్ చూడండి.

లాగ్‌లో "కాన్ట్ ప్రీలోడ్ అన్‌లింక్డ్ క్లాస్" అని వస్తే, ఆ క్లాస్‌కు కావాల్సిన పేరెంట్ లేదా ఇంటర్‌ఫేస్ ఫైల్ జాబితాలో లేదని అర్థం. దాన్ని చేర్చండి, లేదా ఈ క్లాస్‌నే తీసేయండి.

వెండర్ ఫోల్డర్ మొత్తాన్ని ప్రీలోడ్‌లో పడేయడం అందరూ చేసే తప్పు. ఎప్పుడూ వాడని క్లాసులతో మెమరీ నింపి లాభం లేదు. ఎక్కువ హిట్లున్న ఫైళ్లను ఓపీక్యాష్ స్టేటస్ జాబితాలోంచి ఏరుకోండి, ప్రతి ఫైల్‌కూ హిట్ల లెక్క అందులో ఉంటుంది.

ఒకే ఎఫ్‌పీఎం మాస్టర్ మీద వేర్వేరు సైట్లుంటే ప్రీలోడ్ జోలికి వెళ్లకండి. ఒక సైట్ కోసం లోడ్ చేసిన క్లాసులు అన్ని సైట్లకూ కనబడతాయి. రెండు సైట్లలో ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లుంటే గందరగోళమే. ప్రీలోడ్ చేసిన ఫైల్ మారితే టైమ్‌స్టాంప్ చెకింగ్ ఆన్‌లో ఉన్నా పట్టించుకోదు, రీస్టార్ట్ చేయాల్సిందే.

## 8. జిట్: ఎవరికి ఉపయోగం?

సూటిగా చెబుతాను. డేటాబేస్‌ను అడిగి, టెంప్లేట్ నింపి, హెచ్‌టీఎంఎల్ పంపే సైట్‌కు జిట్ వల్ల తేడా చాలా కొద్దిగా ఉంటుంది, కొన్నిసార్లు అసలు ఉండదు. ప్రాసెసర్ మీద భారం పడే పనులకు, అంటే బొమ్మల మీద పిక్సెల్ లెక్కలు, పెద్ద పెద్ద లూపులు, గణిత లెక్కలు, పీహెచ్‌పీలోనే రాసిన పార్సర్లు లాంటివాటికి, తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఆన్ చేయడానికి రెండు సెట్టింగులూ కావాలి:

ఓపీక్యాష్.జిట్=ట్రేసింగ్
ఓపీక్యాష్.జిట్_బఫర్_సైజ్=64ఎం

8.0 నుంచి 8.3 దాకా బఫర్ సైజ్ మామూలుగా 0 ఉంటుంది. అందుకే జిట్ అని రాసినా బఫర్ ఇవ్వకపోతే అది పనిచేయదు. 8.4లో ఇది తిరగబడింది. బఫర్ మామూలుగానే 64 ఎంబీ ఉంటుంది, జిట్ మాత్రం డిసేబుల్‌లో ఉంటుంది. వెర్షన్ మార్చినప్పుడు ఈ తేడా గమనించండి.

నిజంగా ఆన్ అయిందా అని తెలుసుకోవడానికి ఓపీక్యాష్_గెట్_స్టేటస్() ఫలితంలో జిట్ విభాగం చూడండి. "ఆన్" పక్కన ట్రూ ఉండాలి. బఫర్_ఫ్రీ సున్నాకు చేరితే బఫర్ పెంచండి.

కమాండ్ లైన్‌లో నడిచే బరువైన జాబ్‌లకు జిట్ కావాలంటే ఓపీక్యాష్.ఎనేబుల్_సీఎల్ఐ=1 కూడా ఉండాలి. అది మామూలుగా 0.

పీసీఆర్ఈ.జిట్ అనే ఇంకో సెట్టింగ్ కనబడుతుంది. అది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లకు సంబంధించింది, దీనికీ దానికీ పొత్తు లేదు. దాన్ని ఉన్నచోటే ఉండనివ్వండి.

## 9. పీహెచ్‌పీనే సోర్స్ నుంచి కంపైల్ చేయాలా?

చాలామందికి అక్కర్లేదు. డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలు ఇప్పటికే ఆప్టిమైజ్ చేసి వస్తాయి. సొంతంగా కంపైల్ చేస్తే, సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ చేసే బాధ్యత మీదే. ఆ పని క్రమంగా చేయలేమనుకుంటే మొదలుపెట్టకండి.

తప్పదనుకుంటే ఇలా:

1. జీసీసీ, మేక్, పీకేజీ-కాన్ఫిగ్, లిబ్‌ఎక్స్‌ఎంఎల్2, ఎస్‌క్యూలైట్3, ఓపెన్‌ఎస్ఎస్ఎల్, జీలిబ్, ఎంబీస్ట్రింగ్ కావాలంటే ఒనిగురుమా: వీటి డెవలప్‌మెంట్ ప్యాకేజీలు ఎక్కించండి.
2. పాత పీహెచ్‌పీలో పీహెచ్‌పీఇన్ఫో చూపించే "కాన్ఫిగర్ కమాండ్" వరుసను కాపీ చేసుకోండి. మీకు ఏయే ఎక్స్‌టెన్షన్లు కావాలో అందులోనే ఉంటుంది.
3. --ప్రిఫిక్స్‌తో వేరే ఫోల్డర్ ఇవ్వండి. పాతది చెక్కు చెదరకూడదు.
4. --ఎనేబుల్-ఎఫ్‌పీఎం చేర్చండి, --ఎనేబుల్-డీబగ్ ఎక్కడా ఉండకూడదు.
5. మేక్‌కు -జే పక్కన మీ సీపీయూ కోర్ల సంఖ్య ఇవ్వండి. తర్వాత మేక్ టెస్ట్, ఆ తర్వాతే మేక్ ఇన్‌స్టాల్.

-మార్చ్=నేటివ్ ఫ్లాగ్ వాడితే ఆ ప్రాసెసర్‌కు తగ్గట్టు బైనరీ తయారవుతుంది. అదే బైనరీని పాత ప్రాసెసర్ ఉన్న సర్వర్‌కు కాపీ చేస్తే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అంటూ పడిపోవచ్చు. కంపైల్ చేసిన చోటే నడిపేటట్టయితేనే వాడండి. బయటి ఎక్స్‌టెన్షన్లను కూడా కొత్త పీహెచ్‌పీ తాలూకు పీహెచ్‌పైజ్‌తో మళ్లీ కంపైల్ చేయాలి.

## 10. తప్పులు, సరిదిద్దే దారులు

సెట్టింగ్ మార్చాను, పీహెచ్‌పీఇన్ఫోలో పాత విలువే ఉంది. ఎఫ్‌పీఎం రీస్టార్ట్ చేయలేదు, లేదా కమాండ్ లైన్ ఐఎన్ఐ మార్చారు, లేదా తర్వాత చదివే ఇంకో చిన్న ఐఎన్ఐ ఫైల్ దాన్ని మళ్లీ మార్చేస్తోంది. మూడోదాన్ని గ్రెప్‌తో వెతకండి.

హిట్ రేట్ ఎప్పుడూ తక్కువే. టెంప్లేట్ ఇంజిన్ ప్రతిసారీ కొత్త పేరుతో పీహెచ్‌పీ ఫైళ్లు పుట్టిస్తోందేమో చూడండి. అలాంటి ఫోల్డర్‌ను ఓపీక్యాష్.బ్లాక్‌లిస్ట్_ఫైల్‌నేమ్‌తో మినహాయించవచ్చు. పీహెచ్‌పీ మామూలు సీజీఐగా నడుస్తుంటే ప్రతి రిక్వెస్ట్‌తో ప్రాసెస్, దాని మెమరీ రెండూ పోతాయి, అక్కడ ఓపీక్యాష్ నిలవదు. ఎఫ్‌పీఎంకు మారండి.

రీస్టార్ట్ తర్వాత కాసేపు సైట్ కుంటుతోంది. ఓపీక్యాష్.ఫైల్_క్యాష్‌కు ఒక ఫోల్డర్ ఇవ్వండి. ఆప్‌కోడ్‌లు డిస్క్‌లో కూడా దాచబడి, రీస్టార్ట్ తర్వాత అక్కడి నుంచి లోడ్ అవుతాయి. ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు ఎఫ్‌పీఎం యూజర్‌కు మాత్రమే ఉండాలి. వేరేవాళ్లు అందులో రాయగలిగితే మీ సర్వర్‌లో వాళ్ల కోడ్ నడిచినట్టే.

జిట్ ఆన్ కావడం లేదు. ఎక్స్‌డీబగ్ లాంటి ఎక్స్‌టెన్షన్లు ఇంజిన్ నడిచే తీరును తమ చేతిలోకి తీసుకుంటాయి. అవి ఉంటే జిట్ దానంతట అదే ఆగిపోతుంది, ఎఫ్‌పీఎం లాగ్‌లో హెచ్చరిక కూడా ఉంటుంది.

జిట్ పెట్టాక వర్కర్లు పడిపోతున్నాయి. ఎఫ్‌పీఎం లాగ్‌లో "సిగ్‌సెగ్‌వి" అన్న మాట కనబడితే, ఓపీక్యాష్.జిట్=డిసేబుల్ చేసి రీస్టార్ట్ చేయండి. పడిపోవడం ఆగితే అదే పీహెచ్‌పీ వెర్షన్‌లో తాజా ప్యాచ్ రిలీజ్‌కు మారి, టెస్ట్ సర్వర్‌లో మళ్లీ జిట్‌తో ప్రయత్నించండి. ఆగకపోతే కారణం జిట్ కాదు. బయటి ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా తీస్తూ, ప్రతిసారీ రీస్టార్ట్ చేసి, ఏది తీసినప్పుడు ఆగుతుందో చూడండి.